లావెండర్ నూనె: మేలు ఎంత, జాగ్రత్త ఎక్కడ?

పూల నుంచి తీసే సుగంధ తైలాల్లో ఇవాళ సామాన్యుల చేతికి ఎక్కువగా చేరుతున్నది లావెండర్. ఒకప్పుడు పెద్ద హోటళ్ల స్పాలకే పరిమితమైన ఈ నూనె ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ దుకాణాల్లోనూ ఆన్‌లైన్ అంగళ్లలోనూ చిన్న ముదురురంగు సీసాల్లో దొరుకుతోంది. దాని వెంటే సలహాలూ వచ్చిపడుతున్నాయి. నిద్ర పట్టకపోతే దిండు మీద రెండు చుక్కలు, తలనొప్పికి కణతల మీద ఒక చుక్క, చంటిపిల్లల మాలిష్ నూనెలో కొంచెం, కడుపులో తిప్పుతుంటే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క. వీటన్నిటి వెనకా ఉన్న ధీమా ఒక్కటే: పూల నుంచి తీసిందే కదా, ఏం చేస్తుంది?

ఈ ధీమా ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి కావలసినంత పరిశోధన గత పాతికేళ్లలో జరిగింది. దాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే, సుగంధ తైలాల్లో లావెండర్ సాధువైనదే అన్న మాట నిజమేనని తేలుతుంది. కానీ ఆ సాధుత్వానికి మూడు షరతులున్నాయి. నూనె తాజాగా ఉండాలి, పలుచన చేసి వాడాలి, నోట్లోకి పోకూడదు. ఈ మూడింటిని పట్టించుకోని వాడకం గురించే వైద్యుల హెచ్చరికల్లో ఎక్కువ భాగం.

సీసాలో ఉన్నది ఏమిటి?

పూసిన లావెండర్ వెన్నుల గుండా ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి మీద తేలిన నూనెను వేరు చేస్తారు. సుమారు వంద కిలోల పూవెన్నులకు ఒక కిలో అటూ ఇటూగా నూనె దిగుతుంది. అంటే సీసాలోని ఒక్క చుక్కలో గుప్పెడు పూల సారం ఉంటుంది. పువ్వును వాసన చూడటం, తలలో పెట్టుకోవడం వేరు. దాని సారాన్ని ఇంత చిక్కగా తీసి ఒంటికి రాయడం పూర్తిగా వేరు.

ఈ నూనెలో ప్రధానమైనవి రెండు: లినలూల్, లినలైల్ ఎసిటేట్. మేలురకం నూనెలో ఈ రెండూ కలిసి సగానికి పైనే ఉంటాయి. లినలూల్ మనకు కొత్తదేమీ కాదు. ధనియాల నూనెలో ముఖ్యమైన పదార్థం అదే.

లావెండర్ పేరుతో అమ్మే నూనెలన్నీ ఒకటి కావు. సుగంధ తైలాలతో చేసే చికిత్సలో, అంటే అరోమాథెరపీలో, వాడదగినది లావాండులా అంగుస్టిఫోలియా అనే మొక్క నుంచి వచ్చేది. ఇందులో కర్పూరం చాలా తక్కువ. స్పైక్ లావెండర్ మరో జాతి. అందులో కర్పూరం, నీలగిరి తైలంలో ఉండే సినియోల్ దండిగా ఉంటాయి. ఈ రెంటి సంకరమైన లావాండిన్ ఎక్కువ దిగుబడి ఇస్తుంది, చవక, సబ్బులకూ డిటర్జెంట్లకూ వాడతారు. ఈ మూడూ ఒకే పేరుతో బజారులో తిరుగుతుంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లోనూ మూర్ఛ ఉన్నవారి దగ్గరా ఈ తేడాకు ప్రాణమంత విలువ ఉంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

లావెండర్ అనగానే ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ గుర్తొస్తుంది. ఇటీవలి కాలంలో ఉత్పత్తిలో బల్గేరియా ముందుకొచ్చింది. మన దేశంలోనూ సాగు పెరిగింది. సీఎస్ఐఆర్ అరోమా మిషన్ కింద జమ్మూలోని దోడా జిల్లా భదర్వా ప్రాంతంలో మొక్కజొన్న వేసే చిన్న రైతులు లావెండర్‌కు మారారు.

ఒక కథ నుంచి పుట్టిన అలవాటు

అరోమాథెరపీ అనే పేరుకు మూలం ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు రెనే మారిస్ గట్‌ఫోసే. 1910లో ఆయన ప్రయోగశాలలో పేలుడు జరిగి ఒళ్లు కాలింది. కాలిన చెయ్యిని పక్కనే ఉన్న లావెండర్ నూనె తొట్టిలో పొరపాటున ముంచితే గాయం మాయమైందని ప్రచారంలో ఉన్న కథ. ఆయన 1937 నాటి తన పుస్తకంలో రాసుకున్నది అది కాదు. కాలిన గాయాల్లో గ్యాంగ్రీన్ మొదలైంది, దానిని ఆపడానికి లావెండర్ సారంతో కావాలనే కడిగాడు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు తన ఒంటి మీద చేసుకున్న ప్రయత్నం అది.

కథలో వచ్చిన ఈ మార్పు వల్ల ఇప్పటికీ హాని జరుగుతోంది. కాలిన చోట లావెండర్ నూనెను పలుచన చెయ్యకుండా పొయ్యాలనే సలహా దీని నుంచే వచ్చింది. చర్మకణాలను ప్రయోగశాలలో పెంచి 2004లో చేసిన పరీక్షలో, 0.25 శాతం గాఢతలోనే ఈ నూనె ఆ కణాలను చంపింది. గాజు పాత్రలోని కణానికీ బతికున్న మనిషి చర్మానికీ తేడా ఉంటుంది, నిజమే. అయినా చర్మం పైపొర ఊడిపోయిన గాయం మీద పూయడానికి మాత్రం వెనకాడవలసిన ఫలితమిది. కాలిన గాయానికి మొదటి వైద్యం ఇరవై నిమిషాల పాటు పారే చల్లని నీళ్లు. నూనెలూ పేస్టులూ వద్దు.

మేలు గురించి ఆధారాలు ఏమంటున్నాయి?

లావెండర్ ఆందోళనను తగ్గిస్తుందనడానికి బలమైన ఆధారాలు జర్మనీలో మందుగా అమ్మే 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్ నుంచి వచ్చాయి. సిలెక్సాన్ అనే ఈ తయారీని 2010లో ఆందోళన మందు లొరాజెపామ్‌తోనూ, 2014లో 539 మంది రోగుల మీద మరో మందు పారాక్సెటీన్‌తోనూ ఉత్తుత్తి మాత్రతోనూ పోల్చి చూశారు. ఆందోళన తగ్గించడంలో అది చెప్పుకోదగ్గ ఫలితమే ఇచ్చింది. ఎక్కువగా కనిపించిన ఇబ్బంది లావెండర్ వాసనతో త్రేన్పులు. ఈ అధ్యయనాల్లో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీ సంస్థే కాబట్టి ఫలితాలను ఆ జాగ్రత్తతోనే చదవాలి.

ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. లావెండర్ గురించిన మంచి ఆధారం మింగే మందుకు సంబంధించినది. కొలత, శుద్ధి, గాఢత అన్నీ నిర్ణయించి, క్యాప్సూల్‌లో మూసి, వైద్య నియమాల కింద అమ్మేది. అది చూపించి, సీసాలో దొరికే నూనెను చుక్కలుగా తాగమని చెప్పడం సరికాదు. సీసా నూనెలో ఏముందో, ఎంత పాతదో, ఏం కలిపారో కొనేవారికి తెలియదు.

వాసన పీల్చడం గురించిన ఆధారం ఇంత గట్టిది కాదు. వియన్నాలో జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనంలో, దంత వైద్యుని కోసం ఎదురుచూస్తున్న 200 మందిలో నారింజ లేదా లావెండర్ వాసన పీల్చినవారికి కంగారు కాస్త తగ్గింది. ఇలాంటి చిన్న ప్రయోగాలు చాలా ఉన్నాయి. వీటన్నిటికీ ఒకటే చిక్కు. వాసన తెలిసిపోతుంది కాబట్టి ఎవరికి అసలు నూనె ఇచ్చారో, ఎవరికి ఉత్తది ఇచ్చారో దాచడం కష్టం. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులకు అరోమాథెరపీ మీద 2020లో కొక్రేన్ సమీక్ష 13 అధ్యయనాలను, 708 మంది రోగులను పరిశీలించి, మేలు జరుగుతుందని నమ్మకంగా చెప్పలేమంది.

అలాగని ఇదంతా మనసు భ్రమే అని కొట్టిపారేయడానికీ లేదు. జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఎలుకలకు లినలూల్ వాసన చూపిస్తే వాటిలో భయం తగ్గింది. వాసన తెలిసే శక్తిని పోగొట్టిన ఎలుకల్లో ఆ ఫలితం రాలేదు. అంటే ముక్కు దారినే మెదడుకు సంకేతం వెళ్తోంది. దాన్నిబట్టి మనకు ఒక మంచి సంగతి తెలుస్తోంది. ఈ నూనె నుంచి ఇంట్లో పొందగలిగే మేలుకు దాన్ని మింగనక్కరలేదు, ఒంటినిండా పూయనక్కరలేదు. పలుచగా వాసన పీలిస్తే చాలు. దాని నుంచి కాసేపటి ఊరట, నిద్రకు కాస్త అనుకూలత ఆశించవచ్చు. తీవ్రమైన ఆందోళనకూ, కుంగుబాటుకూ, దీర్ఘకాలపు నిద్రలేమికీ ఇది చికిత్స కాదు. మందులు మానేసి దీన్ని పట్టుకోవడం ప్రమాదం.

చర్మానికి అసలు శత్రువు గాలి

లావెండర్ వల్ల వచ్చే చర్మ అలర్జీ మీద స్వీడన్ పరిశోధకులు చేసిన కృషి ఈ విషయంలో మన ఆలోచననే మార్చింది. తాజా లినలూల్ అలర్జీ కలిగించే శక్తి చాలా తక్కువ. గాలి తగిలి ఆక్సీకరణ చెందినప్పుడు మాత్రం అందులో హైడ్రోపెరాక్సైడ్లు పుడతాయి. అవి చర్మాన్ని గట్టిగా రెచ్చగొడతాయి. మొక్క నుంచి వచ్చిన నూనెలోని ఇతర పదార్థాలు ఈ మార్పును అడ్డుకుంటాయేమోనని ఆశించారు. 2008లో ప్రచురించిన పరిశోధన ఆ ఆశను తోసిపుచ్చింది. లావెండర్ నూనెకు అలాంటి సహజ రక్షణ లేదు.

దీని తీవ్రత అంకెల్లో కనిపిస్తుంది. చర్మవ్యాధి అనుమానంతో ఆసుపత్రులకు వచ్చిన 2900 మందికి పలు దేశాల్లో ఆక్సీకరించిన లినలూల్‌తో ప్యాచ్ టెస్ట్ (చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేస్తే దాదాపు 7 శాతం మందికి అలర్జీ బయటపడింది. వీరు ఇప్పటికే చర్మ సమస్య ఉన్నవారు కాబట్టి మొత్తం జనాభాకు ఈ లెక్క వర్తించదు. జపాన్‌లో లావెండర్ నూనెకే ప్యాచ్ టెస్టులు చేస్తూ వస్తే, 1990లో నూటికి ఒకరికి ఉన్న అలర్జీ 1998 నాటికి దాదాపు 14 మందికి చేరింది. దిండ్లలో, బీరువాల్లో ఎండు లావెండర్ పెట్టుకునే అలవాటు అక్కడ ప్రబలిన కాలం అది. ఒకసారి ఈ అలర్జీ వస్తే జీవితాంతం ఉంటుంది. లినలూల్ సబ్బుల్లో, షాంపూల్లో, క్రీముల్లో అంతటా ఉంటుంది కాబట్టి తప్పించుకోవడం కష్టం. యూరప్‌లో ఒంటి మీద ఉండిపోయే సౌందర్య సాధనాల్లో 0.001 శాతం దాటితే దాని పేరు లేబుల్ మీద రాయాలనే నియమం ఉన్నది ఇందుకే.

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఈ విషయం ఇంకా ముఖ్యం. సగం ఖాళీ అయిన సీసా, వదులు మూత, కిటికీ ఎండ, వంటింటి వేడి, ఈ నాలుగూ నూనెను తొందరగా చెడగొడతాయి. వాసన మారలేదు కదా అని నమ్మడానికి లేదు. పాతబడిన నూనెను పారబోయడానికి మనసు ఒప్పకపోతే దాన్ని చర్మానికి మాత్రం తాకించవద్దు.

హార్మోన్ల వివాదం

2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక నివేదిక తల్లిదండ్రుల్లో కలవరం పుట్టించింది. లావెండర్, టీ ట్రీ నూనెలున్న సబ్బులు, క్రీములు, షాంపూలు వాడిన ముగ్గురు చిన్న మగపిల్లల్లో రొమ్ములు పెరిగాయి. అవి మానేశాక తగ్గాయి. కణాల మీద పరీక్షల్లో ఈ నూనెలకు స్వల్పంగా ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం కనిపించింది. దీనికి విరుద్ధంగా, 2013లో ఎలుకల మీద చేసిన ప్రామాణిక పరీక్షలో అలాంటి ప్రభావం కనిపించలేదు. 2022లో 556 మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనంలో, ఈ నూనెలు వాడిన పిల్లలకూ వాడని పిల్లలకూ తేడా తేలలేదు.

రెండు పక్షాలనూ తూచి చూస్తే, సబ్బులో కొద్దిపాటి లావెండర్ ఉంటే భయపడాల్సినంత ఆధారం లేదు. చిన్నపిల్లల ఒంటికి రోజూ నెలల తరబడి చిక్కటి నూనె రాయాల్సిన అవసరం కూడా లేదు. అలా వాడుతున్న బిడ్డలో రొమ్ము పెరుగుదల కనిపిస్తే నూనె ఆపి పిల్లల వైద్యునికి చూపించాలి.

నోట్లోకి పోతే

నిజమైన అత్యవసర పరిస్థితి ఇదే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విష సమాచార కేంద్రానికి 2014 నుంచి 2018 వరకు సుగంధ తైలాల గురించి వచ్చిన 4412 కేసుల్లో ఎక్కువమంది పిల్లలే. నీలగిరి, టీ ట్రీ తర్వాత మూడో స్థానం లావెండర్‌ది. దగ్గు మందు సీసాను పోలిన చిన్న సీసా, ఇష్టమైన వాసన, అందే ఎత్తు. పిల్లలు తాగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కర్పూరం ఎక్కువగా ఉన్న రకాలతో మరో భయం ఉంది. దక్షిణ భారతదేశంలోని ఆసుపత్రుల్లో మూర్ఛతో వచ్చిన 350 మందిని గమనించిన వైద్యులు, 55 మందిలో దానికి నీలగిరి, కర్పూరం వంటి తైలాలతో సంబంధం ఉందని గుర్తించారు. బామ్‌లు, ఆవిరి పట్టడం, పైపూతలు మన ఇళ్లలో మామూలే కాబట్టి ఇది మన కథే. అసలైన లావెండర్‌ను ఈ జాబితాలో చేర్చడం అన్యాయం. కానీ లావెండర్ పేరుతో వచ్చే స్పైక్, లావాండిన్ నూనెల్లో కర్పూరం ఉంటుంది. మూర్ఛ చరిత్ర ఉన్న ఇంట్లో లేబుల్ మీద మొక్క పేరు చూడకుండా కొనకూడదన్నది అందుకే.

బిడ్డ నూనె తాగితే బలవంతంగా వాంతి చేయించవద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో పడితే మంచినీళ్లతో పదిహేను నిమిషాల పాటు కడిగి వైద్యునికి చూపించాలి.

గాలిలో, నీళ్లలో

డిఫ్యూజర్‌లో నూనె తక్కువైతే మేలు పోతుందన్న భయంతో చాలామంది రాత్రంతా నడుపుతారు. గదిలో అరగంట చాలు. ఆ తర్వాత ఆపి, తలుపో కిటికీయో తెరవాలి. ఇలాంటి నూనెల ఆవిరి గాలిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ వంటి చికాకు పుట్టించే పదార్థాలను తయారు చేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఏ ఘాటు వాసనైనా ఆయాసం తెప్పించవచ్చు. అందరూ కలిసి ఉండే గదిలో అందరి ఇష్టం అడిగాకే వాడాలి. చురుకుదనం కావలసిన పనికి ముందు కూడా వద్దు. 2003లో ఇంగ్లాండ్‌లో 144 మంది మీద చేసిన ప్రయోగంలో లావెండర్ వాసన ఉన్న గదిలోని వారికి జ్ఞాపకశక్తి పరీక్షలో వెనకబాటు కనిపించింది.

ఇంట్లో నీళ్లలో నూనె కలిపి స్ప్రే చేసుకునేవారు 2021 నాటి అమెరికా ఘటనను తెలుసుకోవాలి. నాలుగు రాష్ట్రాల్లో ఒకరితో ఒకరికి సంబంధం లేని నలుగురికి మెలియాయిడోసిస్ సోకింది, ఇద్దరు చనిపోయారు. మన నేలల్లోనూ కనిపించే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. ఆరా తీస్తే, భారత్‌లో తయారై అక్కడ అమ్ముడైన లావెండర్, చామొమైల్ వాసనల గది స్ప్రేలో ఆ బ్యాక్టీరియా దొరికింది. నూనె వాసన ఉన్నంత మాత్రాన నీళ్లు శుద్ధం కావు. ఇంట్లో కలుపుకున్న నీటి స్ప్రేను రోజుల తరబడి ఉంచకూడదు.

నీళ్లతో మరో చిక్కు ఉంది. బకెట్లో చుక్కలు వేస్తే నూనె కరగదు, పైన తేలుతుంది, చెంబుతో పోసుకునేటప్పుడు కలవని చుక్కగా చర్మానికి అంటుకుంటుంది. స్నానంలో వాడాలంటే ముందు కొబ్బరి నూనెలోనో సువాసన లేని షవర్ జెల్‌లోనో కలిపి ఒంటికి రాసుకుని కడుక్కోవాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

రెండేళ్ల లోపు పిల్లలకు సుగంధ తైలాలు అసలు వద్దు. వారి మాలిష్‌కు ఉత్త నువ్వుల నూనె, కొబ్బరి నూనె చాలు. ఐరోపా ఔషధ సంస్థ లావెండర్ నూనెను మందుగా పన్నెండేళ్ల లోపు వారికి సిఫారసు చేయడం లేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా తగిన సమాచారం లేదని చెబుతోంది. నిద్రమాత్రలు, ఆందోళన మందులు వాడేవారు వైద్యునితో మాట్లాడాకే మొదలుపెట్టాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో జాగ్రత్త. ఇలాంటి పదార్థాలను విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. బొచ్చు మీద పడిన నూనెను అది నాకేస్తుంది కూడా.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

కల్తీ ఈ వ్యాపారంలో పాతదే. ఫ్యాక్టరీలో చేసిన లినలూల్, లినలైల్ ఎసిటేట్ కలపడం, లావాండిన్‌ను అసలు పేరుతో అమ్మడం మామూలు. కాగితం మీద చుక్క వేసి మరక చూడటం వంటి ఇంటి పరీక్షలు దీన్ని పట్టలేవు, గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి. అందుకే మొక్క పూర్తి పేరు, దేశం, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ ఉన్న చిన్న సీసానే కొనాలి. బ్యాచ్‌కు పరీక్ష నివేదిక అడిగితే ఇచ్చే అమ్మకందారు మేలు.

మూత తీసిన తేదీని సీసా మీద రాసి, బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి, పిల్లలకు అందకుండా ఉంచాలి. ఏడాది దాటితే ఒంటికి వాడవద్దు. చర్మానికి ఎప్పుడూ కొబ్బరి, నువ్వుల లేదా బాదం నూనెలో కలిపే రాయాలి. ముఖానికి ఒక శాతం లోపు, ఒంటికి రెండు శాతం లోపు సరిపోతుంది. ఒక మిల్లీలీటర్‌కు సుమారు ఇరవై చుక్కలని లెక్కేస్తే, రెండు టీస్పూన్ల నూనెలో, అంటే పది మిల్లీలీటర్లలో, రెండు చుక్కలు వేస్తే ఒక శాతం. మొదటిసారి ఆ మిశ్రమాన్ని మోచేతి లోపలి వైపు కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. ఎర్రబడినా దురద పుట్టినా ఆపేయాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా లావెండర్ మీద నా తీర్పు అనుకూలమే. తాజా నూనెను చుక్కల లెక్కతో, గాలి ఆడే గదిలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు వాసన కోసం వాడుకుంటే హాని అవకాశం చాలా తక్కువ, కొంత హాయి ఖాయం. అంతకు మించి మందుగా తాగమనీ, గాయాలకు పూయమనీ, చంటిపిల్లలకు రాయమనీ ఎవరు చెప్పినా వినకండి. మీ ఇంట్లో సీసా ఉంటే ఈరోజే దాని లేబుల్ చదవండి. తయారీ తేదీ చూడండి, పిల్లలకు అందని చోట పెట్టండి.